తెల్లని పళ్లెంలో తేట వలయం

1980ల చివర్లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కెమికల్ ఇంజినీరింగ్ ఆచార్యురాలు ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌ను ఓ ఎంజైము ముప్పుతిప్పలు పెట్టింది. దాని పేరు సబ్‌టిలిసిన్. మట్టిలో బతికే ఓ బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. ప్రోటీన్లను ముక్కలు చేయడం దాని పని. బట్టల సబ్బుపొడుల్లో మరకలు వదలగొట్టేవి ఈ జాతి ఎంజైములే. అయితే దాని ప్రతాపమంతా నీళ్లలోనే. పరిశ్రమల్లో వాడే డైమిథైల్‌ఫార్మమైడ్ అనే ద్రావకంలో వేస్తే చతికిలబడిపోతుంది. ఆ ద్రావకంలోనూ దానిచేత పనిచేయించాలన్నది ఆమె పట్టుదల.

ఆర్నాల్డ్ మొదట చదివింది మెకానికల్, ఏరోస్పేస్ ఇంజినీరింగ్. కెమికల్ ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ చేసింది 1985లో, బర్క్‌లీలో. యంత్రాన్ని బాగుచేసే పద్ధతిలోనే ఎంజైమునూ బాగుచేయబోయారు. దాని నిర్మాణం చూసి, ఏ అమైనో ఆమ్లం మారిస్తే మేలో తర్కించి మార్చి చూశారు. ఆ తర్కం పారలేదు. ఎంజైము అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఈ గొలుసులో అవి 275. ఒకచోట కదిపితే ఇంకెక్కడో ప్రభావం పడుతుంది.

చివరికి తన తెలివి చాలదని ఒప్పుకుని, ప్రకృతి దారి పట్టారు. జన్యువులో ఎక్కడపడితే అక్కడ మార్పులు రానిచ్చి, మెరుగైన వాటిని ఏరుకోవాలనుకున్నారు. రైతు మంచి కంకులు ఏరి విత్తనానికి దాచుకున్నట్టే ఇదీ. కానీ గుడ్డిగా వెతికితే ఎప్పటికి తేలేను? ఒక్క అమైనో ఆమ్లం మారిన రూపాలు ఐదు వేల పైచిలుకు. రెండేసి మారితే కోటీ ముప్పై లక్షలు దాటిపోతాయి. అందుకే అడుగడుగునా కొద్ది మార్పులే రానిచ్చి, గెలిచినదాన్నే మళ్లీ మార్పులకు గురిచేశారు.

మరి గెలిచిందెవరో తెలిసేదెలా? పాలలోని కేసిన్ అనే ప్రోటీనే దారి చూపింది. కేసిన్, ద్రావకం కలిపిన తెల్లని పళ్లేల మీద, మారిన జన్యువులున్న బ్యాక్టీరియాను పెంచారు. ద్రావకానికి లొంగని ఎంజైము కేసిన్‌ను కరిగించి, తన చుట్టూ తేటగా ఓ వలయం గీస్తుంది. వలయం ఎంత పెద్దదైతే ఎంజైము అంత గట్టిది.

ఇది సైన్సే కాదు పొమ్మన్నవాళ్లున్నారు. ఆర్నాల్డ్ పట్టించుకోలేదు. 1993లో, పరిశోధనలో తోడుగా ఉన్న చెన్‌తో కలిసి ఫలితం ప్రకటించారు. పది మార్పులు కూడిన కొత్త సబ్‌టిలిసిన్, 60 శాతం ద్రావకంలో అసలుదానికంటే 256 రెట్లు చురుగ్గా పనిచేసింది. ఆ పది మార్పులు కలిసి ఇంత చేస్తాయని ముందుగా ఏ తర్కమూ చెప్పలేకపోయింది.

ఆ పద్ధతికే నిర్దేశిత పరిణామం అని పేరొచ్చింది. మందుల తయారీకి, జీవ ఇంధనాలకు పాకింది. 2016లో ఆమె బృందం, ఐస్‌లాండ్ వేడినీటి బుగ్గల బ్యాక్టీరియా ప్రోటీనుకు మూడు మార్పులతో కార్బన్‌ను సిలికాన్‌తో జతకట్టే విద్య నేర్పింది. ప్రాణికోటిలో అంతవరకూ ఎవరూ ఎరగని విద్య అది. 2018లో రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం ఆమెకు దక్కింది.

అదృష్టం కలిసొచ్చిందనుకుంటే సగమే నిజం. మార్పులు యాదృచ్ఛికంగా వచ్చినవే, కానీ వాటిని వడపోసిన పరీక్ష మాత్రం ఎంతో ఆలోచించి కట్టింది. ఆర్నాల్డ్‌లోని ఇంజినీరు తన పనితనం చూపించింది అక్కడే.