గేటు అడుగుతుంది, కార్డు చెబుతుంది

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరాలో ఆగింది. నెత్తిన పెట్టెలతో ఒక కూలీ "దాదా, దాదా" అంటూ మీ భుజం రాసుకుంటూ వెళ్ళిపోయాడు. సికింద్రాబాద్ నుంచి తెచ్చుకున్న బ్యాగు సర్దుకుని మెట్రో బోర్డు వెంట నడుస్తున్నారు. ఒక ఎస్కలేటర్ దిగారు, ఇంకొకటి, మరొకటి. నేలకు సుమారు 30 మీటర్ల లోతున ఉన్న స్టేషన్ ఇది. కోల్‌కతాలోని సెక్టార్ ఫైవ్‌లో మీ సాఫ్ట్‌వేర్ శిక్షణ రేపే మొదలు. బ్యాగులో పైథాన్ పుస్తకం ఉంది. క్లాసు రాయడం వచ్చింది, దానితో ఆబ్జెక్టు చేయడమూ వచ్చింది. నాలుగైదు ఆబ్జెక్టులు చేరి ఒక పనిని ఎలా నడిపిస్తాయన్నదే ఇంకా పట్టుబడలేదు.

ఇదిగో, మెట్రో కార్డుతో గేటు ముందుకు వచ్చారు. కార్డు ఆనించండి.

చిన్న కూత. రెక్కలు తెరుచుకున్నాయి. ఆ అర సెకనులో జరిగినదాన్ని ప్రోగ్రాంగా రాస్తే ఎలా ఉంటుందో చూడండి. గేటుకు తెలిసినవి రెండే: తాను ఏ స్టేషన్‌లో ఉంది, రెక్కలు ఎలా తెరవాలి. కార్డులో ఎంత డబ్బుందో దానికి తెలియదు. అది కార్డుకే తెలుసు. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత ఛార్జీయో ఆ రెండింటికీ తెలియదు. అది ఛార్జీల పట్టిక పని. ఏ ఒక్కదానికీ మొత్తం కథ తెలియదు. అయినా మీరు లోపలికి వచ్చేశారు, ఎందుకంటే గేటు అడిగింది, కార్డు చెప్పింది.

ఆ అడగడం కోడ్‌లో ఒక్క వరుస:

కార్డు.ప్రవేశం_నమోదు(హౌరా)

చుక్కకు ఎడమన ఉన్నది ఎవరిని అడుగుతున్నామో, కుడిన ఉన్నది ఏం చేయమంటున్నామో, బ్రాకెట్లలో ఉన్నది ఆ పనికి చేతికి అందిస్తున్నదేమిటో. అంతే. ఆబ్జెక్టులు కలిసి పనిచేయడమంటే ఇలాంటి వరుసలు ఒకదాని వెంట ఒకటి నడవడమే.

ప్లాట్‌ఫాం మీదికి వచ్చారు. పట్టాల అంచున అద్దాల తలుపులు మూసి ఉన్నాయి. రైలు వచ్చి వాటికి సరిగ్గా ఎదురుగా ఆగింది. రైలు తలుపులు, ప్లాట్‌ఫాం తలుపులు కలిసి తెరుచుకున్నాయి. రైలుకు ఎన్ని మోటార్లున్నాయో ప్లాట్‌ఫాం తలుపుకు అనవసరం. సరైన చోట ఆగిందన్న ఒక్క కబురు చాలు. ప్రోగ్రాంలోనూ ఒక ఆబ్జెక్టు గురించి మరొకదానికి ఎంత తక్కువ తెలిస్తే అంత మంచిది.

రైలు కదిలింది. కిటికీ బయట నీలి దీపాలు మెరుస్తున్నాయి. మీ తల మీద ఇప్పుడు హుగ్లీ నది. 520 మీటర్ల సొరంగం, దాటడానికి దాదాపు 45 సెకన్లు. 2024 మార్చి 15 నుంచి ప్రయాణికులు ఇలా నది కింద వెళ్తున్నారు. ఇందాక స్టేషన్‌లో చూసిన రద్దీని గుర్తుచేసుకోండి: జనం, క్యూలు, కౌంటర్లు, వచ్చిపోయే బండ్లు. ఇలాంటి వ్యవస్థలను కంప్యూటర్లో నడిపి చూడాలనే 1960లలో ఓస్లోలో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ సిమ్యులా భాషను తయారుచేశారు. క్లాసు, ఆబ్జెక్టు, ఇన్‌హెరిటెన్స్ సిమ్యులా 67లో రూపుదిద్దుకున్నాయి. తర్వాత స్మాల్‌టాక్ భాషను రూపొందించిన అలన్ కే, ఆబ్జెక్టులతో ప్రోగ్రాం రాయడంలో అసలు విషయం ఆబ్జెక్టుల కన్నా వాటి మధ్య నడిచే సందేశాలేనని నొక్కి చెప్పాడు.

ఎస్ప్లనేడ్. దేశంలో మొదటి మెట్రో 1984 అక్టోబరు 24న ఇక్కడి నుంచే భవానీపూర్‌కు నడిచింది. ఆ పాత లైనుకు మారేవాళ్ళు దిగుతున్నారు. ఎక్కినవాళ్ళలో ఒకావిడ చేతిలో క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం టికెట్ ఉంది, మీ చేతిలో ప్లాస్టిక్ కార్డు. లోపల రెండూ వేరువేరుగా పనిచేస్తాయి. గేటు మాత్రం రెండింటినీ ఒకటే ప్రశ్న అడుగుతుంది: ఈ మనిషి వెళ్ళొచ్చా? పుస్తకంలో మిమ్మల్ని భయపెట్టిన పాలిమార్ఫిజం ఇదే.

శియాల్దా దాటాక సీటు దొరికింది. నాలుగు చిన్న అట్టముక్కలు తీయండి. 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ కొత్తవాళ్ళకు నేర్పిన పద్ధతి ఇది. ఒక్కో అట్ట మీద క్లాసు పేరు, కింద ఎడమవైపు దాని బాధ్యతలు, కుడివైపు అది ఎవరి సాయం తీసుకుంటుందో రాయండి. గేటు అట్టకు కుడివైపు ఇద్దరు పడ్డారు: కార్డు, ఛార్జీల పట్టిక. ఈ ఇద్దరితో గేటు పరిచయం ఒకే రకం కాదు. పట్టిక ఎప్పుడూ దాని వెంటే ఉంటుంది, కాబట్టి గేటును సృష్టించేటప్పుడే, కన్‌స్ట్రక్టర్‌లోనే, అప్పగిస్తాం. కార్డు ఆనించిన క్షణానికే పరిచయం, అందుకే అది మెథడ్‌కు ఆర్గ్యుమెంటుగా వస్తుంది.

సెక్టార్ ఫైవ్. బయటి గేటుకు కార్డు ఆనించండి. ఎక్కడ ఎక్కారని గేటు అడిగింది, హౌరా అని కార్డు చెప్పింది. ఛార్జీ ఎంతని పట్టికను అడిగింది. ఆ మొత్తం తీసేయమని మళ్ళీ కార్డుకే చెప్పింది. కార్డు తన నిల్వ చూసుకుని, తగ్గించుకుని, సరేనంది. నిల్వ చాలకపోతే కాదనేది, గేటు మూసే ఉండేది.

గేటే నేరుగా కార్డు నిల్వలో చెయ్యిపెట్టి అంకె మార్చొచ్చుగా అనిపిస్తుంది. మార్చనివ్వకండి. గేటు, రీఛార్జ్ యంత్రం, ఫోన్ యాప్ తలా ఒక చెయ్యి వేస్తే, అంకె తప్పిన రోజున తప్పు ఎవరిదో తేలదు. డబ్బు తీసే పని కార్డు ఒక్కటే చేస్తే వెతకాల్సిన చోటు ఒక్కటే. కనీస నిల్వ నిబంధన మారినా దిద్దాల్సిన చోటూ అదే.

రేపు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు కోడ్‌తో మొదలుపెట్టకండి. ఈ విషయం ఎవరికి తెలియాలి, ఈ పని ఎవరిది, ఎవరు ఎవరిని అడగాలి, ఈ మూడూ ముందు అట్టల మీద తేల్చుకోండి. అవి తేలితే క్లాసులు దాదాపు వాటంతటవే వచ్చేస్తాయి. తేలకుండా రాసిన క్లాసులు ఎన్ని ఉన్నా, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.