జత్రుక దాకా ఆలస్యంగా చేరిన ధ్వని

రొమ్ము ఎముక నుంచి భుజం దాకా అడ్డంగా సాగే సన్నని ఎముకను వైద్య గ్రంథాలు జత్రుక అంటాయి. వాడుకలో అది కాలర్ బోన్. భుజం మీద పడిన దెబ్బ ఛాతీకి చేరేది దీని మీదుగానే కనుక ఇది తేలికగా విరుగుతుంది. చర్మం కిందనే ఉంటుంది కనుక ఆ విరుపు చేతికి తెలుస్తుంది. క్రీ.పూ. 1600 నాటి ఈజిప్టు ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో జత్రుక విరుపుకు ప్రత్యేక ప్రకరణం ఉంది. సుశ్రుత సంహిత, నొక్కితే పుట్టే శబ్దాన్నీ తాకితే ఓర్వలేని నొప్పినీ ఎముక విరిగిన లక్షణాలుగా చెప్పింది. చిత్తూరు సీమలో పుట్టి తెలుగునాట అంతటా పేరుపడ్డ పుత్తూరు కట్టు కూడా వేళ్ల నేర్పు మీద నిలిచిన విద్యే.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొన్నాక విరుపును తేల్చే పని వేళ్ల నుంచి ఫిల్ముకు మారింది. నిజాంసాగర్ ఆయకట్టులోని బాన్సువాడ వంటి పట్టణాలలో ఏరియా ఆసుపత్రి అంటే ఎక్స్‌రే గది ఉన్న చోటు అన్న భావన స్థిరపడింది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సులు క్షతగాత్రులను త్వరగా చేర్చగలిగినా, నొప్పితో ఏడ్చే బిడ్డను ఆ గదికి తరలించి, కదలకుండా పడుకోబెట్టవలసిన ఇబ్బంది అలాగే మిగిలింది.

చెవికి అందని ధ్వనిని శరీరంలోకి పంపి, దాని ప్రతిధ్వనితో బొమ్మ కట్టే అల్ట్రాసౌండ్‌ను 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం ఉదర వ్యాధుల పరిశీలనకు వాడి ప్రసిద్ధం చేసింది. ధ్వనిని ఎముక దాదాపుగా వెనక్కి కొట్టేస్తుంది కనుక ఎముకల విషయంలో ఈ పరికరం పనికిరాదని చాలాకాలం భావించారు. నిజానికి జత్రుకకు ఆ లోపమే గుణమైంది: ఎముక పైపొర తెరమీద ఒక తెల్లని గీతగా మెరుస్తుంది, విరిగిన చోట ఆ గీత తెగి మెట్టులా కనిపిస్తుంది. 2010లో అమెరికాలో అత్యవసర విభాగానికి వచ్చిన 100 మంది పిల్లలపై ప్రచురితమైన అధ్యయనంలో, ఎక్స్‌రేతో పోల్చి చూస్తే ఈ పద్ధతి సుమారు 95 శాతం విరుపులను పట్టుకుంది. అయితే రొమ్ము ఎముకను, భుజాన్ని కలిసే కొసల వద్ద కీళ్ల వంపులు చూపును తికమక పెడతాయి; శస్త్రచికిత్స ఆలోచన ఉంటే ఎక్స్‌రే తప్పదు.

మన దేశంలో ఈ యంత్రం రోగి మంచం దగ్గరికి నడవడానికి మరో అడ్డు ఉంది, అది న్యాయమైన అడ్డు: గర్భంలోని శిశువు లింగాన్నీ ఇదే యంత్రం చూపగలదు. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 1991లో 945 మంది ఉన్న ఆడపిల్లలు 2001 నాటికి 927కు తగ్గారు. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చేసిన చట్టం 1996లో అమలులోకి వచ్చి 2003లో మరింత కఠినమైంది. 2012 నాటి నిబంధనలు చేత్తో మోసుకెళ్లగల యంత్రాలను నమోదైన ఆవరణలకు, సంచార వైద్య వాహనాలకు పరిమితం చేశాయి. పుట్టబోయే ఆడపిల్లను కాపాడే ఈ కట్టడి సడలకూడదు. విరిగిన ఎముకను చూసే వైద్యుడికి ఆ కట్టడి లోపలే ఒక దారి చూపవలసి ఉంది.

ఆ దారి మాతాశిశు ఆసుపత్రి ఉన్న బాన్సువాడలో సహజంగా ప్రసూతి గది నుంచే మొదలవుతుంది. బిడ్డ భుజాలు ఇరుక్కున్న కాన్పులో ఎక్కువగా విరిగేది జత్రుకే. అక్కడ నమోదైన యంత్రమే ఆ శిశువు విరుపును రేడియేషన్ లేకుండా చూపగలదు, వారం పది రోజుల్లో దాని చుట్టూ కొత్త ఎముక ఉబ్బుగా కట్టుకోవడాన్నీ చూపగలదు.