తపసి జిగురు

తపసి చెట్టు కాండం నుంచి కారే సహజ పాలిమర్‌. చెట్టు శాస్త్రీయ నామం స్టెర్క్యులియా యూరెన్స్‌. వ్యాపారంలో ఈ జిగురును గమ్‌ కరాయా అంటారు. శ్రీకాకుళం, విజయనగరం ఏజెన్సీ కొండల్లో సవరలు, జాతాపులు చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులతో పాటు సేకరించే అటవీ ఫలసాయాల్లో ఇదొకటి. ఈ ప్రాంతంలో చాలా భాగం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. నీటిని ఒడిసిపట్టి ఉంచే పదార్థాలను హైడ్రోజెళ్లు అంటారు. ఆ మాట పుట్టకముందే తపసి జిగురు ఆ పని చేస్తూ వచ్చింది.

ఎండిన జిగురు పలుకులు కొన్ని నీళ్లలో వేస్తే కరగవు. ఒక్కొక్కటీ నానిన సగ్గుబియ్యంలా విడివిడిగా ఉబ్బుతుంది. మెత్తగా పొడి చేసి వేస్తే చిక్కటి ముద్ద అవుతుంది. మొదటి ఘనపరిమాణానికి 60 నుంచి 100 రెట్లు పెరగగలదు.

తెల్లని, పొరలుగా ఊడే బెరడుతో కొండవాలు మీద దూరం నుంచే కనిపించే ఈ చెట్టును శాస్త్రలోకానికి వర్ణించి చెప్పింది విలియం రాక్స్‌బరో. ఆయన సామర్లకోటలో ఉండి కోరమాండల్‌ తీరపు మొక్కలను పరిశీలించాడు. వాటి మీద ఆయన గ్రంథం 1795లో వెలువడటం మొదలైంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఖరీదైన పర్షియా జిగురు ట్రగకాంత్‌కు బదులుగా తపసి జిగురు విదేశాలకు పోయింది. అమెరికాలో విరేచన మందుల్లోకీ, కట్టుడు పళ్లను అంటించే పొడుల్లోకీ చేరింది.

కొండమీద లెక్క వేరు. ఏడాదంతా ఏరిన సరుకు సంతలో షావుకారు చెప్పిన తూకానికీ ధరకూ పోయేది. 1960ల చివర శ్రీకాకుళం గిరిజన ఉద్యమం వెనుక ఉన్న కారణాల్లో ఈ దోపిడీ ఒకటి. గిరిజన సహకార సంస్థ 1956లోనే ఏర్పడింది. షెడ్యూల్డు ప్రాంతాల చిన్నతరహా అటవీ ఫలసాయాల కొనుగోలుపై దానికి ప్రత్యేక హక్కు దక్కింది మాత్రం 1979 నాటి నిబంధనతో. చెట్టు బాగోగులు ఇంకా ఆలస్యంగా పట్టాయి. గొడ్డలితో చెక్క దాకా నరికితే ఎక్కువ కారుతుందన్న నమ్మకం చాలా చెట్లను చంపింది. 1990ల నుంచి విశాఖపట్నంలోని కోవెల్‌ ఫౌండేషన్‌ బెరడును పైపైన గీసి, జిగురును శుభ్రంగా తీసే పద్ధతిని సేకర్తలకు నేర్పింది. జిగురు నాణ్యత చాలావరకు చెట్టు దగ్గరే తేలిపోతుంది. బెరడు ముక్కలు కలిసిన సరుకును ఏ ప్రయోగశాలా పూర్తిగా బాగుచేయలేదు.

ఉబ్బడానికి కారణం దాని అణువులో ఉంది. గెలాక్టోజ్‌, రామ్నోజ్‌, గెలాక్టురోనిక్‌ ఆమ్లం ముఖ్యంగా గల ఈ పెద్ద అణువుకు సుమారు 8 శాతం ఎసిటైల్‌ గుంపులు అంటి ఉంటాయి. కరగకుండా ఉబ్బేలా చేసేవి అవే. క్షారంతో వాటిని తొలగిస్తే జిగురు నీటిలో కరిగి తీగలు సాగుతుంది. వేడిగా, తేమగా ఉన్న గోదాములో అవే ఎసిటిక్‌ ఆమ్లంగా విడిపోతాయి. పాత బస్తా విప్పగానే వెనిగర్‌ వాసన రావడం అందుకే. అప్పటికే చిక్కదనం కూడా తగ్గి ఉంటుంది. దీనికి దగ్గరిదైన కొండగోగు జిగురు నిర్మాణాన్ని హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయన శాఖలో ఆర్‌.బి. శశిధర్‌ బృందం 2000ల్లో పరిశీలించింది.

చలితో తపసి జిగురు సంబంధం ఐస్‌ మిఠాయిలతో మొదలైంది. 0.2 నుంచి 0.4 శాతం కలిపితే నీరు విడిపోదు, మంచు స్ఫటికాలు పెద్దవి కావు. అయితే ఇక్కడొక అపోహ ఉంది. చిక్కదనం స్ఫటికాన్ని చిన్నదిగా ఉంచుతుంది గానీ నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను దాదాపు దించదు. సున్నాకు బాగా దిగువన కూడా వంగే జెల్‌ కావాలంటే నీటిలోనే మరేదైనా కలపాలి.

గట్టిదనం ఇంకో సమస్య. ఒంటరి జిగురు జెల్‌ను వేలితో చిదిమేయవచ్చు. 2003లో జపాన్‌ హొక్కైడో విశ్వవిద్యాలయంలో జియాన్‌ పింగ్‌ గాంగ్‌ బృందం రెండు పాలిమర్‌ వలలను ఒకదానిలో ఒకటి అల్లి దారి చూపింది: పెళుసు వల ముందుగా తెగి బలాన్ని మింగుతుంది, సాగే వల జెల్‌ను నిలబెడుతుంది. 2012లో హార్వర్డ్‌లో సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌ను పాలీఎక్రిలమైడ్‌తో కలిపి, దాదాపు 90 శాతం నీరున్నా 20 రెట్లు సాగే జెల్‌ చేశారు. దాన్ని చీల్చడానికి చదరపు మీటరుకు సుమారు 9,000 జౌళ్ల శక్తి కావాలి. ఇలా తోడు వల దొరికితేనే తపసి జిగురూ నిలబడుతుంది.

గడ్డకట్టకుండా ఆపడానికి చవకైన దారి ఉప్పు. 23 శాతం దాకా ఉప్పు కరిగిన నీరు -21 డిగ్రీల వరకు ద్రవంగా ఉంటుంది; శ్రీకాకుళం తీరంలో నౌపడ ఉప్పు మడులూ ఉన్నాయి. అయినా ఈ జిగురుకు ఉప్పు పడదు. దాని అణువులు ఒకే విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల చాలావరకు విచ్చుకుంటాయి. ఉప్పు ఆ నెట్టుడును అణచి చిక్కదనాన్ని తగ్గిస్తుంది. గ్లిజరిన్‌కు ఆవేశం లేదు కాబట్టి ఆ చిక్కు రాదు. రెండు పాళ్ల గ్లిజరిన్‌, ఒక పాలు నీరు తూకంగా కలిపితే -46 డిగ్రీల దరిదాపుల దాకా గడ్డకట్టదు. కానీ జెల్‌ను నీటిలో ఉంచితే గ్లిజరిన్‌ మెల్లగా బయటికి జారిపోతుంది. అందుకే ఇలాంటి జెల్‌ ఒంటికి అంటించే సెన్సర్లకు పనికొస్తుంది గానీ, నీటిలో మునిగి ఉండే వాటికి కాదు.