చుక్కలకు లేని ముసలితనం

లూయీ బ్రెయిలీ తన లిపిని 1829లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆరు చుక్కల ఆ గడి ఇప్పటికీ అలాగే ఉంది. వేలికొస కింద ఒక్కసారిగా ఇమిడే కొలత అది. అదే చుక్కలను ఎలక్ట్రానిక్ యంత్రంలోకి ఎక్కించి, అంధులు భుజాన తగిలించుకుని తిరిగేలా చేసిన బ్రెయిలీ నోట్‌టేకర్‌కు మాత్రం కొన్నేళ్లకే ముసలితనం వచ్చేస్తోంది. యంత్రం పాడై కాదు. పిన్నులు లేస్తూనే ఉంటాయి, మీటలు నొక్కినట్టే పనిచేస్తాయి. కానీ వెబ్‌సైట్ తెరుచుకోదు, మెయిల్ దిగదు, కొత్త యాప్ ఎక్కదు. ఈ పరికరం పుట్టుపూర్వోత్తరాలు చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. దశాబ్దాలు పనిచేయగల ఖరీదైన చుక్కల వరసను కొన్నేళ్లకే కాలం చెల్లే సాఫ్ట్‌వేర్‌కు కట్టేశారు. ఆ ముడి విప్పే దారి ఉమ్మడి ప్రమాణాల్లో ఉందని నా వాదన.

నోట్‌టేకర్ ఆలోచన ఒకరి సొత్తుగా మొదలుకాలేదు. 1980ల తొలినాళ్లలో అమెరికాలో టెలిసెన్సరీ సంస్థ వెర్సాబ్రెయిల్ అనే యంత్రాన్ని అమ్మింది. అందులో 20 గడుల బ్రెయిలీ వరస ఉండేది, రాసుకున్నదంతా క్యాసెట్ టేపు మీద నిలిచేది. అది బరువు, ఖరీదు రెండూ ఎక్కువైన యంత్రం. అదే దశాబ్దంలో కెంటకీ రాష్ట్రంలో ఫ్రెడ్ గిస్సోని, వేన్ థాంప్సన్ కలిసి పాకెట్‌బ్రెయిల్ తయారుచేశారు. గిస్సోని స్వయంగా అంధుడు. వీడియో క్యాసెట్ పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలోనే ఆ యంత్రమంతా సర్దేశారు. ఆ ఆలోచనలను వాళ్లు దాచుకోకుండా ఇంజనీర్ డీన్ బ్లేజీతో పంచుకున్నారు. దాని ఫలితమే 1987లో వచ్చిన బ్రెయిల్ ఎన్ స్పీక్. ఆరు మీటలు, ఒక స్పేస్ బార్, మాట్లాడే గొంతు ఉన్న ఆ యంత్రంలో బ్రెయిలీ తెర, అంటే చుక్కలు లేచే వరస, లేదు. బ్రెయిలీలో టైపు చేస్తే అది చదివి వినిపించేది. నొక్కగానే మేలుకునేది, ఇంటర్నెట్ ఊసే ఎరగదు. ఆ కారణంగానే దాని సాఫ్ట్‌వేర్‌కు బయటి ప్రపంచం నుంచి కాలదోషం పట్టే ప్రమాదం ఉండేది కాదు.

అలాంటి యంత్రాలకు బ్రెయిలీ తెర చేరాక లెక్క మారింది. ఒక్కో గడిలో ప్రతి పిన్ను కింద పియెజోఎలక్ట్రిక్ పదార్థంతో చేసిన సన్నని పట్టీ ఉంటుంది. సుమారు 200 వోల్టుల విద్యుత్తు ఇస్తే అది వంగి పిన్నును మిల్లీమీటరు లోపు పైకి నెడుతుంది. ఆరు చుక్కల కింద మరో రెండు చేర్చి, గడికి ఎనిమిది పిన్నుల చొప్పున 32 గడుల యంత్రంలో 256 పట్టీలు, 256 పిన్నులు. ఒక్క పిన్ను సరిగా లేవకపోయినా అక్షరం మరో అక్షరమవుతుంది. ఇంత నాజూకైన పనిని, తక్కువమంది కొనే సరుకు కోసం చేయాల్సి రావడంతో అమెరికాలో పేరున్న 32 గడుల నోట్‌టేకర్ ధర ఐదు వేల డాలర్లు దాటింది. మామూలు ల్యాప్‌టాప్‌లు అరడజను వచ్చే డబ్బు అది. ఇంత పెట్టి కొన్నది ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

2000లో న్యూజిలాండ్‌లోని పల్స్ డేటా సంస్థ బ్రెయిల్‌నోట్ అనే నోట్‌టేకర్‌ను విండోస్ సీఈ ఆపరేటింగ్ సిస్టం మీద నిలబెట్టింది. తర్వాత అమెరికా నుంచి పాక్‌మేట్, దక్షిణ కొరియా నుంచి బ్రెయిల్‌సెన్స్ వచ్చాయి. బ్రెయిల్‌నోట్‌లోనే 2005 నాటి ఎంపవర్ మోడల్‌లో బ్లూటూత్, 2009 నాటి అపెక్స్‌లో వైఫై యంత్రంలోనే అమరి వచ్చాయి. దీంతో అంధ విద్యార్థి ఎవరి సాయమూ లేకుండా లైబ్రరీ నుంచి పుస్తకం దించుకుని అక్కడికక్కడే వేలితో చదువుకోగలిగాడు. ఇది చిన్న విజయం కాదు. అయితే తీగలేని నెట్‌వర్క్‌లో చేరడానికి ముందు దాటాల్సిన గడప ఒకటుంది. మామూలు బ్రెయిలీలో పెద్ద ‘ఏ’ రాయాలంటే ముందు ఆరో చుక్క, తర్వాత ఒకటో చుక్క పెట్టాలి. ‘1’ రాయాలంటే ముందు అంకెల గుర్తు, తర్వాత మళ్లీ ఒకటో చుక్క. అంటే రెండక్షరాల పాస్‌వర్డ్‌కు నాలుగు గడులు పడతాయి. పాస్‌వర్డ్‌లో ఈ ముందుగుర్తులు చెల్లవు. అందుకే కంప్యూటర్ బ్రెయిలీ కావాలి. అక్కడ పెద్ద ‘ఏ’ అంటే ఒకటి, ఏడు చుక్కలు కలిపి ఒకే గడి. అమెరికా పద్ధతిలో ‘1’ అంటే రెండో చుక్క ఒక్కటే. ఏ చోట ఏ బ్రెయిలీ వాడాలో సాఫ్ట్‌వేర్ స్పష్టంగా చెప్పకపోతే, పాస్‌వర్డ్ సరిగ్గా తెలిసిన మనిషి కూడా గుమ్మం బయటే ఆగిపోతాడు.

లోపలికి వెళ్లాక అసలు చిక్కు ఎదురవుతుంది. నెట్‌వర్క్ నియమాలు ఎవరి కోసమూ ఆగవు, ఆగకూడదు కూడా. వైఫైకి తొలి తాళమైన వెప్ బలహీనమని 2001లోనే తేలింది, దాని బదులు కొత్త తాళాలు వచ్చాయి. వెబ్‌సైట్‌లకూ బ్రౌజర్‌లకూ మధ్య రహస్యం కాపాడే టీఎల్ఎస్ పాత రూపాలను బ్రౌజర్ తయారీదారులు 2020లో వదిలేశారు, మరుసటి ఏడాది అవి లాంఛనంగా రద్దయ్యాయి. భద్రత కోసం ఇది తప్పనిసరి. కానీ విండోస్ సీఈ మీద ఆగిపోయిన యంత్రాలు ఈ కొత్త తాళాలను తెరవలేవు. ఆండ్రాయిడ్‌కు మారితే బాధ తీరుతుందనుకున్నారు. 2016లో వచ్చిన బ్రెయిల్‌నోట్ టచ్ ఆండ్రాయిడ్ 4.4 మీద నడిచింది. ఆ ఆండ్రాయిడ్ వచ్చి అప్పటికే రెండేళ్లు దాటింది. 2023లో గూగుల్ తన ప్లే సర్వీసుల నుంచి దాన్ని తప్పించింది. గట్టిగా ఏడేళ్లు. చుక్కలు చెక్కుచెదరకుండా ఉండగానే వాటి వెనకున్న మెదడును ప్రపంచం వదిలేసింది.

నోట్‌టేకర్ ఎక్కువకాలం నిలవాలని అడిగితే మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఫోన్లే మాట్లాడుతుంటే ఇక బ్రెయిలీ ఎందుకన్నది మొదటిది. వినడం చదవడానికి తోడే కానీ దాని స్థానాన్ని తీసుకోలేదు. ‘విషయం’లో ఉన్నది షకారమో శకారమో చాలామంది పలుకుబడిలో తేలదు. తెలుగు బ్రెయిలీలో ఆ రెంటికీ వేర్వేరు గడులున్నాయి, వేలు తాకగానే తేడా తెలుస్తుంది. ‘అక్క’లో మొదటి కకారానికి ముందు నాలుగో చుక్క ఉంటుంది, అది తాకని పిల్లకు ద్విత్వం రాయడం ఎలా వస్తుంది? గణిత సమీకరణాన్ని వింటూ పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. చూపుతో పాటు వినికిడీ లేనివారికైతే బ్రెయిలీయే ప్రపంచంతో మాట.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది: బ్లూటూత్ బ్రెయిలీ తెరను ఫోన్‌కు కలిపితే చాలదా, నోట్‌టేకరే ఎందుకు? 2010 నుంచి ఐఫోన్ ఈ సౌకర్యం ఇస్తోంది, చాలామందికి అది నిజంగానే చాలు. అయితే ఫోన్ తీసుకెళ్లనివ్వని పరీక్ష హాలుంది. పాఠం మధ్యలో బ్లూటూత్ తెగితే ఆ వాక్యం మళ్లీ రాదు. కనుక రాసుకోవడం, చదువుకోవడం, దాచుకోవడం అనే మూడు పనులు ఏ నెట్‌వర్క్ లేకపోయినా యంత్రంలోనే జరగాలి. మిగతావన్నీ అవసరమైనప్పుడు ఫోన్‌తోనో కంప్యూటర్‌తోనో కలిసి చేయాలి. ఆర్బిట్ రీడర్ 20 అనే యంత్రం ఇదే దారి పట్టింది. మెమరీ కార్డు మీద చదవడం, రాయడం తనంతట తాను చేస్తుంది, వైఫై లేదు, బ్లూటూత్‌తో ఫోన్‌కు కలుస్తుంది. వచ్చిన కొత్తలో దాని ధర సుమారు 500 డాలర్లు.

చిన్న మార్కెట్‌లో ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఇవ్వడం తయారీదారుకు భారమన్నది మూడోది. నిజమే, ఒక్కరే మోస్తే భారమే. అందుకే పంచుకోవాలి. ఒకప్పుడు ప్రతి కంపెనీ తెరకూ, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉన్న రాతను చదివే ప్రతి స్క్రీన్‌రీడర్‌లో విడిగా డ్రైవర్ రాయాల్సి వచ్చేది. 2018లో బ్రెయిలీ తెరల కోసం హెచ్ఐడీ అనే ఉమ్మడి ప్రమాణం వెలువడింది. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ దానికి చేయి కలిపాయి. దాన్ని పాటించే తెర, కంపెనీ మూతపడినా, రేపటి ఫోన్‌తో మాట్లాడగలదు. అక్షరాలను చుక్కలుగా మార్చే పనికి లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో తెలుగు పట్టిక కూడా ఉంది. ఆ పట్టికలో దొర్లిన తప్పు ఎవరైనా ఒకసారి దిద్దితే, దాన్ని వాడే ప్రతి పరికరానికీ ఆ దిద్దుబాటు అందే వీలుంది.

మన దేశంలో ఐఐటీ ఢిల్లీ చొరవతో 2019లో 20, 40 గడుల డాట్‌బుక్ వచ్చింది. ధర తగ్గించే ప్రయత్నాలు సాగుతూ ఉంటే, ఆయుష్షు పెంచే షరతులు కొనేవారు పెట్టాలి. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ శాఖలు టెండరులోనే మూడు మాటలు రాయాలి: నెట్‌వర్క్ లేకపోయినా రాసేది, చదివేది ఆగకూడదు, తెర హెచ్ఐడీ ప్రమాణంతో ఏ ఫోన్‌కైనా కలవాలి, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. గిస్సోని, థాంప్సన్ తమ ఆలోచనను పంచుకోబట్టే ఈ పరికరం జనంలోకి వచ్చింది. ఇప్పుడు పంచుకోవాల్సింది ప్రమాణాలు. అది జరిగితే అంధ విద్యార్థి ఒకసారి కొన్న చుక్కల వరస చదువు ముగిసి ఉద్యోగంలో చేరాక కూడా అతని చేతిలో పనిచేస్తుంది.