తొక్కేదా, తిప్పేదా? మోపెడ్ నుంచి ఎలక్ట్రిక్ సైకిల్ దాకా

మేము చదివింది తమిళ మీడియం, తెలుగు అమ్మ దగ్గర నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల మీటింగు అయినాక చెట్టు కింద ఒక వాదన. మోకాలి ఆపరేషన్ అయిన మామ ఒకరు, "హ్యాండిల్ తిప్పితే పోయే సైకిల్ కొంటా" అన్నారు. "తొక్కకుంటే అది సైకిలెట్లవుతుంది?" అన్నారు ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

సైకిలుకు కరెంటు మోటరు కొత్తది కాదు. 1895లోనే అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన వెనక చక్రంలో మోటరు పెట్టి పేటెంటు తీసుకున్నారు. మన వైపు ముందు వచ్చింది పెట్రోలు మోపెడ్. మోటరు, పెడల్ రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. తిరుపతిలో తయారైన సువేగా, 1980లో మన హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50 ఎవరు మరుస్తారు? మేము డ్యూటీకి పోయింది దాని మీదనే. తొక్కి స్టార్ట్ చేసేది, మిట్ట వస్తే కాలు సాయం పట్టేది, పెట్రోలు అయిపోతే తొక్కుకుంటా ఇల్లు చేరేది. తర్వాత కిక్ స్టార్ట్ వచ్చింది, పెడల్ మాయమైంది. చెయ్యి తిప్పితే పోయే బండికి కాలితో పనేముంది?

1993లో జపానులో యమహా వాళ్ళు దీనికి వేరే దారి చూపించారు. పాస్ అనే వాళ్ళ సైకిల్‌కు తిప్పే పిడి లేదు. కాలు ఎంత బలంగా తొక్కుతుందో సెన్సారు కొలుస్తుంది, దానికి తగ్గట్టు మోటరు బలం కలుపుతుంది. తొక్కడం ఆపితే మోటరూ ఆగుతుంది. 2002లో యూరప్ దీన్నే గీతగా పెట్టుకుంది: 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం, తొక్కితేనే సాయం. అమెరికా 750 వాట్ల దాకా తిప్పేదాన్ని కూడా సైకిలే అంది. చైనా వీధుల్లో తిప్పేవే ఎక్కువ.

మన దేశంలో గీత మోటరు బలం దగ్గర, వేగం దగ్గర ఉంది. 250 వాట్ల లోపల, గంటకు 25 కిలోమీటర్ల లోపల ఉంటే మోటరు వాహనం కింద రాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కరలేదు.

అసలు ప్రమాదం ఇక్కడే. మా బంధువుల పిల్లవాడి సైకిలుకు ఒక షాపులో వేగం కట్టడి తీసేసి ఇచ్చినారు. వాడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎదుటి మనిషికి తగిలుంటే? వేగం పెంచిన రోజే అది చట్టం ముందు మోటరు బండి అయిపోయింది. వాడికి లైసెన్సు లేదు, బండికి ఇన్సూరెన్సు లేదు.

మామకు మేము చెప్పింది ఇంతే: మోకాలికి కష్టం కదిలించేటప్పుడే. అప్పుడు తిప్పండి, తప్పు లేదు. కదిలినాక డాక్టరు సరేనంటే మెల్లగా తొక్కండి. కాలు పంచుకుంటే అదే చార్జితో ఎక్కువ దూరం పోతుంది. ఏది కొన్నా వాట్లు, వేగం కాగితం మీద రాయించుకోండి. కట్టడి మాత్రం తీయించవద్దు.

మీ అనుభవం కూడా రాయండి.