ఆకును వంచే హార్మోన్లు

ఆకు కదలిక అనగానే ముందు గుర్తొచ్చేది అత్తిపత్తి. ముట్టుకోగానే అది ముడుచుకోవడం నీటి మహిమ. ఆకు మొదట్లోని బుడిపెలో కొన్ని కణాలు నీళ్లు వదిలేసి, కాసేపటికి మళ్లీ నింపుకుంటాయి. మరో రకం కదలిక ఉంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఆకు కాడ పైవైపు కణాలు కిందివైపు వాటికన్నా ఎక్కువ సాగితే కాడ కిందికి వంగుతుంది. డచ్ శాస్త్రవేత్త హ్యూగో డి వ్రీస్ 1872లోనే ‘ఎపినాస్టీ’ పేరుతో దీన్ని వర్ణించాడు. ఒక పక్కే ఎక్కువగా ఎందుకు పెరుగుతుందన్నది మాత్రం చాలాకాలం తేలలేదు.

దారి చూపింది ఆకు కాదు, గడ్డి మొలక. చార్లెస్ డార్విన్, కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి మొలక కొనకు టోపీ తొడిగి చూశాడు. కొన చీకట్లో ఉంటే మొలక వెలుతురు వైపు వంగలేదు. అంటే కొన నుంచి కిందికి ఏదో కబురు వెళుతోందని 1880లో తేల్చారు. ఆ కబురును పట్టుకున్నది యుట్రెక్ట్‌లో ఫ్రిట్స్ వెంట్. ఓట్స్ మొలకల కొనలు కోసి అగార్ ముక్క మీద ఉంచాడు. తర్వాత ఆ అగార్‌ను కొన తెగిన మొలక మీద ఒక అంచుకు పెట్టాడు. ఆ పక్కే ఎక్కువ పెరిగి మొలక అవతలికి వంగింది. 1928 నాటికి వంపు కోణాన్ని బట్టి ఆ కబురు మోసే హార్మోన్, అంటే ఆక్సిన్ మోతాదును కొలిచే పద్ధతి కూడా చెప్పాడు. ఇంత తేలిక పరికరాలతో ఇంత పెద్ద ఫలితం రాబట్టిన ప్రయోగాలు వృక్షశాస్త్రంలో అరుదు. ఆరేళ్లకు ఆ ఆక్సిన్ ఇండోల్ ఎసిటిక్ ఆమ్లంగా చిక్కింది, అదీ మనుషుల మూత్రంలోంచి!

ఇంకో కథ దీపాల గ్యాస్‌తో మొదలైంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రి నెల్యుబోవ్ పెంచిన బఠానీ మొలకలు ప్రయోగశాల గాలిలో అడ్డంగా పెరిగేవి, బయటి గాలిలో నిటారుగా. దోషి గ్యాస్‌లోని ఎథిలీనేనని అతను 1901లో చెప్పాడు. 1930లలో న్యూయార్క్ దగ్గరి బాయిస్ థామ్సన్ సంస్థలో అదే వాయువు తగిలిన టమాటా ఆకులు వాలిపోయాయి. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతుకు తక్కువైనా చాలు. పండే యాపిల్ కూడా ఎథిలీన్‌ను వదులుతుందని 1934లో గేన్ రుజువు చేశాక అది మొక్క సొంత సరుకని తేలింది. ఆక్సిన్ పెరిగితే ఎథిలీన్ తయారీ కూడా పెరుగుతుంది. 2,4-డి కలుపు మందు కృత్రిమ ఆక్సినే. గాలికి పక్క చేలోని పత్తి మీద పడితే ఆకులు మెలికలు తిరిగేది అందుకే.

మరో చిక్కుముడి నీట మునిగిన వేళ్లది. ఎథిలీన్ తయారీలో ఆఖరి మెట్టుకు ఆక్సిజన్ కావాలి. మునిగిన వేళ్లలో అది ఉండదు. అయినా నీరు నిలిచిన టమాటా మొక్కల ఆకులు వాలుతున్నాయే? ఎథిలీన్‌కు ముందు దశ పదార్థం ఏసీసీ అని ఆడమ్స్, యాంగ్ 1979లో కనిపెట్టారు. మరుసటి ఏడాది బ్రాడ్‌ఫర్డ్, యాంగ్ అది వేళ్లలో పోగుపడి, నీళ్లతో పాటు పైకెక్కి, గాలి తగిలే ఆకుల్లో ఎథిలీన్‌గా మారుతుందని చూపించారు. టమాటా మడిలో నీరు నిలిచాక కాడ బిర్రుగా ఉండి ఆకు మాత్రం కిందికి వాలి ఉంటే, అది దాహం కాదు. మళ్లీ తడి పెట్టకండి, ముందు కాలువ తీసి నిలిచిన నీటిని బయటికి పంపండి.