ఆఖరి ట్రాము

1953 ఏప్రిల్. మద్రాసు. చివరి ట్రిప్పు ముగించుకుని ఒక ట్రాము షెడ్డు దారి పట్టింది. ముందువైపు డ్రైవరు నిలబడే ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా అలా నిలబడే బతికాడు. ఎడమచేయి కంట్రోలరు హ్యాండిల్ మీద, కుడిచేయి బ్రేకు మీద, కాలి కింద గంట. వెనక కండక్టరు టికెట్ల సంచి సర్దుకుంటున్నాడు. ఇద్దరిదీ నెల్లూరు వైపనుకుందాం. వీళ్ల మాటలు నా ఊహ. వీళ్ల చుట్టూ జరిగింది మాత్రం చరిత్ర.

“అన్నా, రేప్పొద్దున యాడికి పోవాల మనం?”

డ్రైవరు గంట నొక్కాడు. పట్టాల మీద ఎవరూ లేరు.

1895 మే 7న ఇక్కడ ట్రాము మొదలైనప్పుడు దేశంలో మరెక్కడా కరెంటు ట్రాము లేదు. కలకత్తాలో ఇంకా గుర్రాలే లాగుతున్నాయి. మొదట్లో రోడ్డు కింద కాలువ తవ్వి అందులోంచి కరెంటు నడిపారు. మద్రాసు వానలు ఆ ముచ్చట సాగనివ్వలేదు. తీగల్ని నెత్తిమీదికి ఎక్కించారు. దారి చివర కండక్టరు తాడు పట్టి, తీగను తాకే కర్రను అవతలికి తిప్పేవాడు. డ్రైవరు హ్యాండిల్ ఊడదీసుకుని రెండో కొసకి నడిచేవాడు. బండి తిరగనక్కర్లేదు, మనుషులు తిరిగితే చాలు. 1921 నాటికి 97 బళ్లు, 24 కిలోమీటర్ల దారి.

పాత మద్రాసు ముచ్చట్లలో ట్రాము కనిపిస్తుంది, దాన్ని నడిపినవాళ్లు కనిపించరు. నా బాధంతా అక్కడే. 1918లో బి.పి. వాడియా మద్రాసు లేబర్ యూనియన్ పెట్టాక ట్రాము కార్మికులూ సంఘం కట్టారు. చివరికి కంపెనీయే దివాలా తీస్తే ఏ సంఘం మాత్రం ఎవరిని నిలదీస్తుంది?

ఆ ఏప్రిల్ నాటికి, ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచి నాలుగు నెలలు. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వస్తుందని నెహ్రూ మార్చిలోనే ప్రకటించారు. మద్రాసు దక్కలేదని కుమిలిపోతున్న మనవాళ్లకి, అదే మద్రాసులో కూడు పోయిన ఈ మనుషులు కంటికి ఆనలేదేమో.

ఏప్రిల్ 12తో సర్వీసు ఆగిపోయింది.

షెడ్డులో బండి నిలిచింది. కండక్టరు అలవాటుగా తాడు అందుకున్నాడు. డ్రైవరు హ్యాండిల్ ఊడదీసుకుని ఖాళీ బెంచీల మధ్య నుంచి రెండో కొసకి నడిచాడు. దాన్ని అక్కడ తగిలించబోయి ఆగాడు.

“దింపేయన్నా,” అన్నాడు కండక్టరు, తాడు వదలకుండానే.